సూవీడ్ యంత్రం కొనాలా? ముందు మన కరెంటును అడగండి

పోయిన సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా మేనల్లుడు సూట్‌కేసులోంచి పొడవాటి గొట్టం లాంటి వస్తువొకటి తీశాడు. "అత్తా, ఇది నీకే. దీంతో వండితే చికెన్ దూదిలా వస్తుంది" అన్నాడు. చూస్తే బకెట్లో నీళ్లు కాచుకునే హీటర్ రాడ్‌కి అన్నలా ఉంది. దాని ప్లగ్ మన గోడకు పట్టలేదు. వీధి చివరి కొట్లో అడాప్టర్ తెచ్చి తగిలించాం. స్విచ్ వేసిన నిమిషంలో కాలిన వాసన, ఆ వెంటనే ఇల్లంతా చీకటి. తీరా టార్చి వేసి చూస్తే దాని ఒంటిమీదే చిన్న అక్షరాల్లో 120 వోల్టులు అని రాసి ఉంది. తప్పు యంత్రానిది కాదు, చదవని మాది.

పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లకు ఇది కానుకగా వస్తోంది. మన దేశంలో ఆన్‌లైన్‌లోనూ దొరుకుతోంది. కాబట్టి ఇదేమిటో, మన వంటకు ఎంతవరకు పనికొస్తుందో, కొంటే ఏం చూసి కొనాలో తెలుసుకుందాం.

యానాంలో ఫ్రెంచి చదువుకున్న పెద్దలకు పేరు వినగానే అర్థం తెలిసిపోతుంది. సూ అంటే కింద, వీడ్ అంటే శూన్యం. గాలి తీసేసిన సంచిలో పదార్థాన్ని పెట్టి, ఒకే వేడిలో ఉండే నీళ్లలో ముంచి, నిదానంగా ఉడికించడం. 1974లో ఫ్రాన్స్‌లోని రోవాన్ ఊళ్లో, త్రువాగ్రో కుటుంబం నడిపే రెస్టారెంట్ కోసం జార్జ్ ప్రాలూ అనే వంటవాడు దీన్ని పట్టుకున్నాడు. బాతు కాలేయం వండితే కొవ్వంతా కరిగి సగానికి సగం తగ్గిపోతోందని ఆయన బాధ. సంచిలో చుట్టి తక్కువ వేడిలో వండితే ఆ నష్టం దాదాపు లేకుండా పోయింది. అదే కాలంలో బ్రూనో గూసో అనే శాస్త్రవేత్త ఏ పదార్థానికి ఎంత వేడి, ఎంతసేపు అన్నది లెక్క కట్టాడు. చాలా ఏళ్లు ఇది హోటళ్ల పనిగానే ఉండిపోయింది. గిన్నె అంచుకు తగిలించుకునే చిన్న కడ్డీలు సామాన్యుల ధరకు దిగింది 2012, 2013 నుంచే.

కిటుకు ఇంతే. పొయ్యిమీద నీళ్లు మరిగితే దాదాపు 100 డిగ్రీలు. కోడి మాంసానికి అంత వేడి అక్కర్లేదు. 65 డిగ్రీలు దాటుతున్న కొద్దీ మాంసం పిండిన గుడ్డలా తనలోని నీటిని వదిలేస్తుంది, పీచుపీచుగా అవుతుంది. నీళ్లు 62 దగ్గరే నిలిస్తే లోపలి ముక్క కూడా 62 దాటదు. గంట ఎక్కువ ఉంచినా మాడదు. హీటర్ రాడ్ వేడి చేస్తూనే పోతుంది, ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. ఈ యంత్రం కొలుస్తుంది, ఆగుతుంది, మళ్లీ మొదలెడుతుంది, నీటిని తిప్పుతూ అన్ని మూలలా ఒకే వేడి ఉంచుతుంది. తేడా అదే. అలాగని ఉన్న హీటర్ రాడ్‌తోనే కానిచ్చేద్దామని మాత్రం అనుకోవద్దు.

మన వంటకు ఎంతవరకు?

ఇక్కడ నిజం చెప్పాలి. మన కూరకు ప్రాణం వేపుడులో ఉంది. ఉల్లిపాయ ఎర్రబడటం, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోవడం, పోపు చిటపటలాడటం, ఇవేవీ 60 డిగ్రీల్లో జరగవు. అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి సంచిలో వేస్తే రెండు గంటల తర్వాత కూడా ఆ ముద్ద పచ్చిగానే ఉంటుంది. పెరుగులో నానబెట్టి గంటల తరబడి ఉంచితే పులుపుకి ముక్క పిండిలా మెత్తబడుతుంది. కాబట్టి సంచిలోకి ఉప్పు, పసుపు, కారం, చెంచాడు నూనె చాలు. మసాలా బాణలిలో విడిగా వేయించుకుని, సంచిలో ఊరిన రసం పోసి బాగా మరిగించి, చివర్లో ముక్కలు వేసి ఒక నిమిషం కలిపి దించాలి. అప్పుడు కూర మన కూరే, ముక్క మాత్రం మెత్తన.

బాగా పనికొచ్చేది ఎముక లేని చికెన్‌కి, ముఖ్యంగా బ్రెస్ట్ ముక్కకి. మన కొట్లలో కొట్టిచ్చే కూర ముక్కలైతే ఎముక మొన సంచిని పొడుస్తుంది. గుడ్లకు బాగుంటుంది. చలికాలంలో పెరుగు తోడేయడానికి మరీ బాగుంటుంది. మా హోసూరులో, పక్కన బెంగళూరులో డిసెంబరు, జనవరిలో పెరుగు తోడుకోక అందరం అవస్థ పడతాం. మూత గట్టిగా ఉన్న గాజు సీసాల్లో తోడేసి 42 డిగ్రీల నీళ్లలో నిలబెడితే ఐదారు గంటల్లో గడ్డ పెరుగు.

మటన్ సంగతి వేరు. 70, 75 డిగ్రీల్లో ఒక పగలూ రాత్రీ ఉంచితే నిజంగానే గొప్పగా వస్తుంది. కానీ కుక్కర్లో అరగంటలో అయ్యే పనికి ఇరవై గంటల కరెంటు, ఇరవై గంటల కాపలా. నాటుకోడికీ అంతే. నన్నడిగితే ఆ రెండింటికీ కుక్కరే. యానాం వాళ్లు పులసను ఈ సంచిలో పెడతారని నేను అనుకోను, పెట్టమని చెప్పే ధైర్యమూ లేదు.

పూర్తి శాకాహారుల ఇంటికైతే దీని మీద డబ్బు పెట్టమని చెప్పలేను. క్యారెట్, దుంపల లాంటివి 84, 85 డిగ్రీలు దాటితే గాని మెత్తబడవు, దానికి ఆవిరి గిన్నె చాలు. ఇక రాజ్మాను తక్కువ వేడిలో వండటం ప్రమాదం. ఎర్ర రాజ్మాలో ఉండే ఒక విషపదార్థం నీళ్లు బాగా మరిగితేనే పోతుంది. నానబోసిన నీళ్లు పారబోసి, కనీసం పది నిమిషాలు తెర్లాలి. 80 డిగ్రీల్లో మెత్తబడిందని తింటే వాంతులు, విరేచనాలు తప్పవు.

యంత్రం ఒంటిమీద ఏం చదవాలి?

మొదట వోల్టేజి. 220–240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉండాలి. మనది 230. 120 వోల్టుల యంత్రానికి 230 ఇస్తే హీటరు మీద పడే భారం రెట్టింపు కాదు, నాలుగు రెట్లకు దగ్గరగా పోతుంది. అడాప్టర్ అనేది ప్లగ్ ఆకారాన్ని మారుస్తుందే తప్ప కరెంటును మార్చదు. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొనవచ్చు గాని, వెయ్యి వాట్లను మోసేది ఇటుకంత బరువుంటుంది, దాని ఖరీదు కలుపుకుంటే ఇక్కడే కొత్తది కొన్నట్టు. విదేశాల్లోని పిల్లలకు ఫోనులో ఈ ఒక్క ముక్క చెప్పండి: యూరప్‌లోదో, ఆస్ట్రేలియాలోదో, గల్ఫ్‌లోదో అయితే వోల్టేజి సరిపోతుంది, అమెరికాదీ కెనడాదీ జపాన్‌దీ అయితే సరిపోదు. ఏ దేశం నుంచి వచ్చినా గ్యారంటీ ఇక్కడ చెల్లుతుందా అని అడగండి. చాలావరకు చెల్లదు. రిపేరు వస్తే ఎవరూ చేయి పెట్టరు. ఇక్కడి బిల్లుతో కొన్నదానికి ఆ దిగులు కొంత తక్కువ.

తర్వాత వాట్లు. పది లీటర్ల నీటిని 28 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే లెక్క ప్రకారం 0.37 యూనిట్ కరెంటు. 1000 వాట్ల యంత్రం అది 22 నిమిషాల్లో చేస్తుంది, 800 వాట్లది 28 నిమిషాల్లో. గిన్నె పక్కల నుంచి పోయే వేడి కలిపితే ఇంకాస్త. గీజర్ నీళ్లు పోస్తే ఈ తేడా కూడా ఉండదు. నలుగురైదుగురున్న ఇంటికి 800 చాలు. పెద్ద వాట్లకు పెద్ద డబ్బు ఇవ్వక్కర్లేదు. ప్లగ్ మూడు కాళ్లది, ఎర్త్ ఉన్నదే అయ్యుండాలి. గంటల తరబడి నడిచేది గనక పాత ఇళ్లలోని చిన్న స్విచ్ బోర్డుకు కాకుండా గ్రైండర్‌కో గీజర్‌కో వేసిన 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్ తీయడం హీటర్ రాడ్ దగ్గర నేర్చుకున్న అలవాటే, ఇక్కడా అదే.

ఆకారాల్లో రెండు రకాలు. ఒకటి గిన్నెకు తగిలించే కడ్డీ, ఇమ్మర్షన్ సర్క్యులేటర్ అంటారు. రెండోది తొట్టితో కలిపి వచ్చేది. తొట్టి రకం వంటింటి గట్టు సగం మింగేస్తుంది. కడ్డీ అయితే పని కాగానే అలమరలో పడుకుంటుంది, మన ఇంట్లో ఉన్న పెద్ద తపేలాకే తగులుతుంది. కొన్ని ఎలక్ట్రిక్ కుక్కర్లలో కూడా సూవీడ్ బటన్ ఉంటుంది. వాటిలో నీటిని తిప్పే పంకా ఉండదు, సంచులు కిక్కిరిస్తే అడుగున ఒక వేడి, పైన ఒక వేడి. ఉన్న కుక్కర్లో బటన్ ఉంటే ఒకటి రెండు సంచులతో వాడుకోండి, దానికోసమే కొత్త కుక్కర్ కొనకండి.

కడ్డీ కొనేముందు మీ తపేలా లోతు టేపుతో కొలవండి. కనీసం ఇంత లోతు నీళ్లుండాలని ప్రతి యంత్రం మీదా గీత ఉంటుంది. నీళ్లు ఆ గీత కిందికి ఆవిరైపోతే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు తప్పనిసరి. పెరుగు కోసం కూడా కావాలనుకుంటే కనిష్ఠ వేడి ఎంతో చూడండి, 40 కన్నా తక్కువకు దిగేది మేలు.

ఫోను యాప్ గురించి ఒక మాట. కొన్నిటికి బటన్లే ఉండవు. జూల్ అనే పేరున్న కడ్డీ అలాగే వచ్చింది, ఫోను లేకపోతే వేడి మార్చలేం. అనోవా కంపెనీ 2024 ఆగస్టు నుంచి కొత్తగా చేరేవారికి తన యాప్‌కి చందా పెట్టింది. వంటింట్లో అమ్మ వాడాల్సిన వస్తువు అమ్మాయి ఫోనులో ఉంటే, అమ్మాయి ఆఫీసుకు వెళ్లాక ఏం చేయాలి? ఒంటిమీదే బటన్లు, పెద్ద అంకెలు ఉన్నదాన్నే ఎంచుకోండి. యాప్ ఉంటే ఉండనీయండి, అది లేకుండా కూడా పూర్తిగా నడవాలి.

కరెంటు పోతే?

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. ఈ యంత్రాల గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది కరెంటు పోని ఊళ్లలో ఉంటారు, అందుకే వాళ్లకిది తట్టదు.

వండిన పదార్థానికి 5 నుంచి 60 డిగ్రీల మధ్య కాలం ప్రమాదం. క్రిములు పెరిగేది అక్కడే. మాంసంలో ఉండే ఒక జాతి క్రిమి 50 డిగ్రీల దాకా కూడా పెరగగలదు. పైగా గాలి లేని సంచి. గాలి లేని చోటే పెరిగే బొటులినం లాంటి క్రిముల విత్తులు ఈ వేడికి చావవు. నీళ్లు అనుకున్న వేడిలో ఉన్నంతసేపు భయం లేదు. రాత్రి పదకొండుకు పెట్టి పడుకున్నారు, ఒంటిగంటకు కరెంటు పోయింది, నాలుగింటికి వచ్చింది అనుకోండి. మూత పెట్టిన స్టీలు తపేలాలో పది లీటర్ల నీళ్లు మొదటి గంటలోనే పది డిగ్రీల దాకా దిగిపోవచ్చు. ఆ తర్వాత రెండు గంటలు క్రిములకు పండగ.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు యంత్రం ఏం చేస్తుందన్నది రెండు రకాలు. కొన్ని ఆగిపోయి అలాగే ఉంటాయి. పొద్దున చూస్తే నీళ్లు చల్లగా ఉంటాయి, మాంసం పారేస్తాం, తిట్టుకుంటాం, అయిపోయింది. కొన్ని మళ్లీ వాటంతట అవే మొదలెడతాయి. సుఖమైనది రెండోదే అనిపిస్తుంది, కానీ ప్రమాదమూ దాంట్లోనే ఉంది. పొద్దున లేచి చూస్తే అంకె 60 అని వెలుగుతూ ఉంటుంది, రాత్రి మూడు గంటలు ఏం జరిగిందో మనకు తెలియదు. మధ్యలో కరెంటు పోయిందని తెర మీద చూపించే యంత్రం దొరికితే అదే ఉత్తమం. దొరకకపోతే, తాను చూసిన కనిష్ఠ వేడిని గుర్తుంచుకునే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొని దాని తీగను నీళ్లలో వదలండి. ఇన్వర్టర్ లేని లైన్ మీద మైక్రోవేవ్ ఉంటే దాని గడియారం కూడా సాక్ష్యం చెబుతుంది. కరెంటు పోయి వస్తే టైము చెరిగిపోతుంది.

మీ యంత్రం ఏ రకమో కొన్న రోజే తేల్చుకోండి. ఉత్త నీళ్లు పోసి 60కి పెట్టి, గోడ దగ్గర స్విచ్ ఆపి పది నిమిషాలాగి మళ్లీ వేయండి. ఏం చేస్తుందో చూడండి. వాపసు ఇవ్వాలంటే ఇంకా గడువు ఉంటుంది.

ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. ఇళ్లలో ఎక్కువగా ఉండే 800, 900 వీఏ ఇన్వర్టర్ ఫ్యాన్లకూ దీపాలకూ పెట్టింది. వెయ్యి వాట్ల హీటరును అది మోయలేదు.

ఇంట్లో మెలకువగా ఉండగా కరెంటు పోతే కంగారు అక్కర్లేదు. నీళ్లు వేడిగా ఉండగానే సంచి విప్పి ముక్కల్ని బాణలిలోకి తీసి, గ్యాసు మీద మామూలుగా ఉడికించేయండి. దూది కాకపోయినా కూర అవుతుంది. ఎప్పుడు పోయిందో తెలియకుండా నీళ్లు 50 కిందికి దిగి ఉంటే పారేయడమే. వాసన చూసి తేల్చుకోవద్దు, ఈ క్రిములు కొన్ని వాసన రావు. అందుకే కరెంటు నిలకడ లేని ఊళ్లలో రాత్రంతా నడిపే వంటలు పెట్టుకోవద్దని నా సలహా. రెండు గంటల్లో అయ్యేవి, పగలు, కంటి ఎదురుగా.

చికెన్‌కి లెక్క ఇది. ముక్క మధ్యభాగం 60 డిగ్రీలకు చేరాక అక్కడ దాదాపు 35 నిమిషాలు నిలవాలి. 65లో అయితే కొన్ని నిమిషాలు చాలు, 74లో క్షణం. మధ్యకు వేడి చేరే కాలం ముక్క మందాన్ని బట్టి ఉంటుంది, బరువును బట్టి కాదు. మందం రెట్టింపైతే కాలం సుమారు నాలుగింతలు. అంగుళం మందం ముక్కను నేను 65లో రెండు గంటలు ఉంచుతాను. ఇంట్లో పెద్దవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే అంతకంటే కిందికి దిగే సరదా మానుకోండి. రొయ్యలు, చేపలు 50ల్లో వండే పద్ధతులు ఉన్నాయి గాని, అవి క్రిముల్ని చంపవు. వండినది వెంటనే తినకపోతే సంచితో సహా ఐసు నీళ్లలో ముంచి బాగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో ముగించేయాలి. గట్టు మీద చల్లారనివ్వడం మన అలవాటు, ఇక్కడ అది కుదరదు.

సంచులు, నీళ్లు

గాలి తీసే సీలర్ యంత్రం మొదట్లోనే కొనక్కర్లేదు. జిప్ సంచిలో ముక్కలు వేసి, మూతి కొంచెం తెరిచి, మెల్లగా నీళ్లలో దింపితే నీరే గాలిని బయటికి నెట్టేస్తుంది. అప్పుడు మూతి మూసేయడమే. సంచి తేలితే లోపల ఒక స్టీలు చెంచా వేయండి. సంచి ఆహారానికి, ఈ వేడికి పనికొస్తుందని రాసి ఉన్నదే అవ్వాలి. పాల ప్యాకెట్లు, నూనె కవర్లు, కొట్టు క్యారీ బ్యాగులు కడిగి వాడేయడం మన ఇళ్లలో ఉన్నదే, ఇక్కడ మాత్రం వద్దు. ప్రతిసారీ ప్లాస్టిక్ పారేయడం మనసుకు పట్టకపోతే అది న్యాయమైన అభ్యంతరమే. వేడి తట్టే సిలికాన్ సంచులు వస్తున్నాయి, కడిగి మళ్లీ వాడుకోవచ్చు.

బోరు నీళ్ల ఊళ్లలో గీజర్ రాడ్‌కి పట్టే తెల్లటి పొరే దీనికీ పడుతుంది. అది మందమైతే యంత్రం వేడిని తప్పుగా కొలుస్తుంది, చివరికి కాలిపోతుంది. ఫిల్టరు నీళ్లు పోయండి, లేదా నెలకోసారి నీళ్లలో నిమ్మ ఉప్పు వేసి 60 డిగ్రీల్లో అరగంట నడపండి. వేడి కొలత సరిగ్గా ఉందో లేదో చూడటానికి విడిగా థర్మామీటర్ ఉండాలి, దాన్ని ఐసు నీళ్లలో ముంచి సున్నా చూపిస్తోందో లేదో సరిచూసుకోండి. మరిగే నీళ్లతో సరిచూడొద్దు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరు, హోసూరు వైపు నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి, చెన్నైలోనో యానాంలోనో ఉన్నట్టు 100 రాదు.

ఇంత విన్నాక కూడా కొనాలా వద్దా అని ఊగిసలాడుతుంటే, ముందు యంత్రం లేకుండా ఒకసారి చేసి చూడండి. పిక్నిక్‌కి తీసుకెళ్లే ఐసు పెట్టె ఉంటే చాలు. అందులో 68 డిగ్రీల నీళ్లు నిండా పోసి, అరంగుళం మందం చికెన్ ముక్కల్ని సంచిలో ముంచి మూత పెట్టండి. చలిని లోపల ఆపే పెట్టె వేడిని కూడా ఆపుతుంది. అరగంటకోసారి థర్మామీటర్ చూస్తూ, 64 దగ్గరకు వస్తే ఒక చెంబు వేడి నీళ్లు కలపండి. గంటన్నర తర్వాత తీసి మసాలాలో వేసి ఇంట్లోవాళ్లకు పెట్టండి. ఏం మారిందని ఎవరూ అడగకపోతే డబ్బు మిగిలినట్టే.

మా ఇంట్లో అడిగారు. అందుకని ఉగాదికి ఇక్కడి బిల్లుతోనే 800 వాట్లది ఒకటి కొన్నాం, ఒంటిమీద బటన్లున్నది. నెలకు రెండు ఆదివారాలు చికెన్ వండుతుంది. రాబోయే చలికాలం పెరుగు పని కూడా దానికే అప్పజెప్పాలని ఉంది. మేనల్లుడు తెచ్చినది అలమరలోనే ఉంది. వచ్చేటప్పుడు తిరిగి తీసుకెళ్లమని చెప్పాను, లోపల ఏ ముక్క కాలిందో అక్కడ చూపించుకుంటాడట.